రెండు వందల పద్నాలుగు కంఠాలు

సముద్రపు గోడ వెనుక కట్టిన కెరటపాలెంలో, 2094 నాటికి, వార్డు సభకు వచ్చేవారు గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, బుట్టలోంచి ఒక కంఠపట్టీ తీసుకుని మెడకు చుట్టుకోవడం అలవాటైపోయింది. కొందరు స్త్రీలు దానిని నల్లపూసల కిందికి సర్దుకునేవారు. ముసలివారు బిగుతుగా ఉందని విసుక్కునేవారు. లోపలికి వెళ్లాక మాత్రం ఎవరూ మాట్లాడేవారు కాదు. మాట్లాడే అవసరం లేకుండా చేయడమే ఆ పట్టీ ప్రయోజనం.

మనిషి ‘ఒప్పుకోను’ అని పలకడానికి ముందే మెదడు స్వరపేటిక కండరాలకు ఒక సూక్ష్మమైన విద్యుత్ సంకేతాన్ని పంపుతుంది. భయం మాటను ఆపగలదు గాని ఆ సంకేతాన్ని ఆపలేదు. దానిని సెన్సర్లతో పట్టి, పేర్లు చెరిపి, సంఖ్యను మాత్రమే సభకు వినిపించే యంత్రాన్ని ఆచంట సువర్చల ఇరవై రెండేళ్లు శ్రమించి నిర్మించింది. ‘అంతర్వాణి’ అని దానికి పేరు పెట్టింది.

అవసరం అలాంటిది. ఒక పౌరుడి ప్రాథమిక హక్కులను ప్రభుత్వం కొంతకాలం నిలిపివేయాలంటే అతని వార్డు ప్రజల సమ్మతి కావాలి. ఆ ఉత్తర్వును ‘పౌరవిరామం’ అంటారు. సభలో పదోవంతు మంది అభ్యంతరపెడితే అది రద్దవుతుంది. పూర్వం చేతులెత్తమనేవారు. ఎత్తినవారి పేర్లు తరువాతి పౌరవిరామ జాబితాలో కనిపించేవి. అందువల్ల కొన్నాళ్లకు అందరూ నేల చూడడం నేర్చుకున్నారు. ఆ మౌనం భయమేనని సువర్చల నిర్ధారించింది. భయాన్ని తొలగిస్తే హక్కులు తమను తామే కాపాడుకుంటాయన్నది ఆమె సిద్ధాంతం.

అంతర్వాణి చట్టమయ్యాక పౌరవిరామం మీద జరిగే మొదటి సభ ఆనాటిది, మైలపల్లి గవరయ్య గురించి. ఆయన పంపు మెకానిక్కు. కుళాయి నీటిలో ఉప్పు ఎంత ఉందో రోజూ కొలిచి, తన ఇంటి గోడ మీద సుద్దతో రాసేవాడు. ఆ అంకెలు తప్పని ఎవరూ అనలేదు. ఆయన మీద మోపిన నేరం ‘అకాల సత్య ప్రకటన’. ఉత్తర్వు ఖాయమైతే మూడేళ్లపాటు ఆయనకు ఓటు ఉండదు. గోడ మీద రాయకూడదు. వినేవారు ఒకరికి మించి ఉన్నచోట నోరు విప్పకూడదు.

సువర్చల మెట్లెక్కుతుంటే గవరయ్య ఎదురొచ్చాడు. ఆమె ప్రయోగశాలలో పంపులన్నీ పదిహేనేళ్లుగా బాగుచేస్తున్నది ఆయనే.

“ఏటి డాట్రమ్మా, అందరి పీకలకీ కట్టీసి నాకొక్కడికీ లేదేటి?”

“మీ మీదే కదా విచారణ గవరయ్యా, మిమ్మల్ని లెక్కలోకి తీసుకోరు. మీ తరఫున వాళ్ల పట్టీలు మాట్లాడతాయి.”

“మాటాడతాయంటారా? సీసాల్తో నీలట్టుకొచ్చి ఉప్పు సూడమని మా గుమ్మం కాడ లైను కట్టినోలే గదా ఈలంతా! మన పెల్లికి గూడా ఇంతమంది రానేదని మా ఆడది ఒకటే నవ్వు.”

“రెండొందల పద్నాలుగు మంది వచ్చారు. ఇరవై రెండు అభ్యంతరాలు చాలు. అరవై వస్తాయి చూడండి.”

“సూద్దారి. వల ఒడ్డుకొచ్చినాకే సేపలు లెక్కెట్టాలనీవోడు మా అయ్య.”

సభాధికారి ఉత్తర్వు చదివాడు. రెండు నిమిషాల కొలత మొదలైంది. సువర్చల కూడా ఆ వార్డు పౌరురాలే కనుక పట్టీ కట్టుకుని మూడో వరుసలో కూర్చుంది. గోడలోంచి యంత్రం మృదువుగా పలికింది.

“హాజరైనవారు రెండు వందల పద్నాలుగు. అభ్యంతరాలు సున్నా.”

సువర్చల లేచి, పక్కగదిలో యంత్రం ముందు కూర్చున్న సహాయ శాస్త్రవేత్త రెహానా దగ్గరకు దాదాపు పరుగెత్తింది.

“క్యాలిబ్రేషన్ దెబ్బతింది.”

“లేదు మేడమ్. మూడుసార్లు చూశాను. ఎవరో దగ్గబోయి ఆపుకుంటే అది కూడా నమోదైంది.”

“అయితే నాది?”

రెహానా తలెత్తలేదు. “పేర్లు చెరిపెయ్యమన్నది మీరే కదా. కానీ సున్నా అంటే... మీరూ అందులోనే ఉన్నారు మేడమ్.”

ఆ రెండు నిమిషాల్లో తన మనసులో ఏముందో సువర్చల గుర్తుచేసుకుంది. అరవై. అరవై వస్తాయనుకుంటూ కూర్చుంది. అరవై ఉన్నచోట తనది ప్రత్యేకంగా అక్కర్లేకపోయింది.

“ప్రయోగాల్లో ప్రతిసారీ ముప్పై, నలభై వచ్చేవి కదా?”

“అప్పుడు హాల్లో జనం మాట్లాడుకునేవాళ్లు. ఈ సమయాలు చూడండి. ఎవరో ఒకరు ‘ఇదేం అన్యాయమండీ’ అని పైకి అనేవాళ్లు. ఆ తర్వాతే మిగతా పట్టీల్లో సంకేతాలు పుట్టేవి. ముందు కాదు.”

ఆ మాటలనే తాను నివేదికలో ‘శబ్దకల్మషం’ అని రాసింది. కొలత శుభ్రంగా ఉండాలంటే సభలో నిశ్శబ్దం తప్పనిసరి అని వాదించి, మౌన నియమాన్ని చట్టంలో చేర్పించింది. దానిని ఉల్లంఘించినవారికీ పౌరవిరామమే శిక్ష. నిరసన ప్రతి మనిషిలోనూ తయారుగా ఉంటుందనీ, భయం దాని మీది మూత మాత్రమేననీ ఆమె నమ్మింది. అది తయారుగా ఉండదు. ఒకరి గొంతు విన్నాక మరొకరిలో పుడుతుంది. మూత తీశాననుకుంటూ ఆమె పొయ్యిలోని నిప్పునే తీసివేసింది.

యంత్ర నిర్మాత కోరితే కొలతను ఒక్కసారి పునరావృతం చేయవచ్చు. ఆమె కోరింది. సభాధికారి గడియారం వైపు చూసి సరేనన్నాడు.

ఈసారి ఏం కావాలో ఆమెకు తెలుసు. ఒక్క వాక్యం. పైకి, వినబడేలా. ఆ సంగతి తెలిసినది, ఆమె కాక, పక్కగది గాజు వెనుక కూర్చున్న రెహానా ఒక్కతే. ఆ అమ్మాయి మెడకు పట్టీ లేదు. ఆమె ఈ వార్డు మనిషి కాదు.

సువర్చల పెదవులు విడివడ్డాయి. మూడేళ్లు. పాఠాలుండవు, పత్రాలుండవు, ప్రయోగశాల ఉండదు. అప్పుడు ఈ యంత్రాన్ని సరిదిద్దేదెవరు? లోపం తెలిసిన మనిషి బయట ఉండడమే ఈ సమాజానికి ఎక్కువ మేలు కదా? తర్కంలో పొరపాటు కనబడలేదు. ఆమె దానిని మరోసారి మొదటి నుంచి పరిశీలిస్తుండగా సమయం ముగిసింది.

“అభ్యంతరాలు సున్నా.”

ఉత్తర్వు తక్షణం అమలులోకి వచ్చింది. ఇద్దరు ఉద్యోగులు గవరయ్య మెడకు ఎర్రపట్టీ బిగించారు. జనం కంఠపట్టీలు విప్పి బుట్టలో వేసి, చెప్పులు వేసుకుని, ఒక్కొక్కరుగా ఆయన దగ్గరకు వచ్చారు. పూర్వం చేతులెత్తని మనుషులు నెలల తరబడి ముఖం చాటేసేవారు. ఇప్పుడు ఎవరూ తల దించుకోలేదు.

“నా కడుపులో మంట ఆ మిసనుకేటి తెలుస్తాది, గవరయ్య బాబూ.”

“నానైతే అబ్బెంతరం పెట్టీసినాను సిన్నాన్నా. అదే పట్టుకోనేదు.”

“మర మరే గదేటి! మనిసి మనసు దానికేటి తెలుస్తాది?”

ఆయన అందరి వైపూ చూస్తూ నిలబడ్డాడు. చివరకు సువర్చల వంతు వచ్చింది. యంత్రం పొరపాటు చేయలేదని ఆ గుమ్మం దగ్గర తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది.

“నేను అభ్యంతరం పెట్టాను గవరయ్యా,” అంది. “యంత్రంలోనే ఏదో లోపం ఉంది.”

గవరయ్య పెదవులు కదిలాయి. చుట్టూ ఇంకా జనం ఉన్నారు. సమాధానం చెప్పే హక్కు ఆయనకు అప్పటికి అరగంట క్రితమే పోయింది.