జల్లెడ ముసుగు

రేపు రథయాత్ర అనగా, పంతొమ్మిది వందల అరవై ఎనిమిదిలో, పూండిలో భావనారాయణ మేష్టారింటి అరుగు మీద పొద్దున్నే పేచీ మొదలైంది. ఒకవైపు ఆయన కూతురు లలిత, పదమూడేళ్ల పిల్ల. ఇంకోవైపు ఆయన అక్క సూర్యకాంతం, ఒంటికన్నుతో ఊరందరికీ జాకెట్లు కుట్టిపెట్టే మనిషి.

రథం రోజున ఆ ఊళ్లో చిన్నాపెద్దా రెండు జట్లై వెదురు గొట్టం తుపాకులతో పచ్చి వేపకాయలు కొట్టుకుంటారు. లలితకి ఆడాలని ప్రాణం కొట్టుకుంటోంది. తండ్రి ఏటా వద్దంటాడు, ఎందుకో చెప్పడు. ఈసారి అత్త తన పక్షాన ఉంది గానీ, మొహానికి ఏది కట్టుకోవాలన్న దగ్గరే చిక్కొచ్చింది.

"త్రినాథరావు మావ మోటారుసైకిలు కళ్లద్దాలే పెట్టుకుంటాను. ఈ జల్లెడ కట్టుకుంటే కూరగిన్నె మీద మూతెట్టినట్టుంటాది" అంది లలిత, అరువు తెచ్చిన కళ్లద్దాలు చూపిస్తూ.

"మూతెట్టిన కూరలో ఈగ పడదు" అంది సూర్యకాంతం దారం తెంపుతూ. పాత జీడిపప్పు జల్లెడ తీగని రెండు పొరలు వేసి, నుదుటి నుంచి గడ్డం దాకా వంచి, గుచ్చుకోకుండా అంచులకి గుడ్డ కుట్టింది.

బడికి బయల్దేరిన భావనారాయణ అది చూసి ఆగిపోయాడు.

"ఏటి సేత్తన్నారు? ఈ ఇంట్లో ఒక కన్ను పోయింది, సాలదా?"

"అత్త కన్ను మొగలి ముల్లు గుచ్చుకుని కదా పోయింది, నాన్నా? ఆటకీ దానికీ ఏటి సంబంధం?"

బళ్లో దేనికైనా జవాబు చెప్పే మేష్టారు చెప్పుల్లో కాళ్లు దూర్చాడు.

సూర్యకాంతం రెండు కొబ్బరికాయలు తెచ్చి, ఒకదానికి కళ్లద్దాలు, ఇంకోదానికి జల్లెడ కట్టి గోడ మీద పెట్టింది. తుపాకిలో వేపకాయ కూరి తమ్ముడి చేతికిచ్చింది.

"నోటితో వాదనెందుకు? నువ్వే కొట్టి సూడు."

విసుగ్గానే కొట్టాడు. ఎండిపోయిన రబ్బరులోంచి అద్దం ఊడి లోపలికి పోయింది. లలిత మొహం పాలిపోయింది. జల్లెడకి కొడితే కాయ ఎగిరి వాకిట్లో పడింది. అక్క మరో నాలుగు కొట్టించింది. ఒక్కటీ లోపలికి పోలేదు. లలిత మారు మాట్లాడకుండా కళ్లద్దాలు పక్కన పెట్టేసింది.

అప్పుడు సూర్యకాంతం జల్లెడ విప్పి తన మొహానికే కట్టుకుంది.

"ఇప్పుడు నన్ను కొట్టు."

భావనారాయణ తుపాకి అక్కకి తిరిగి ఇవ్వబోయాడు. "నావల్ల కాదక్కా. ఒకసారి కొట్టినాను. సాలు."

ముప్పై ఏళ్లు దాచిన మాట అలా బయటపడింది. అది ముల్లు కాదు. తొమ్మిదేళ్ల తమ్ముడు గురి చూసి కొట్టిన వేపకాయ. ఆ రోజు నుంచి ఇవాళ్టి దాకా అతను తుపాకి ముట్టలేదు, ఇంట్లో ఎవరినీ ముట్టనివ్వలేదు.

"ముల్లని నేనే సెప్పినాను. లేకపోతే అమ్మ నిన్ను బతకనిచ్చునా?" అంది సూర్యకాంతం. "కన్ను పోయినందుకు కొన్నాళ్లే ఏడ్సినాను, తమ్ముడూ. నువ్వు మళ్లీ నాతో ఆడనందుకు శానాళ్లు ఏడ్సినాను. తప్పు ఆటది కాదు, మొహానికేటీ లేకుండా ఆడినాం, అదే తప్పు. కొట్టు."

కన్నీళ్లతో గురి కుదరక రెండుసార్లు దించి, మూడోసారి కొట్టాడు. కాయ తీగకి తగిలి ఎగిరిపోయింది. తీగ వెనక నుంచి అక్క పకపకా నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నేళ్లయిందో అతనికి గుర్తులేదు.

"అది నాకు పెద్దదవదా, అత్తా?" అంది లలిత కళ్లు తుడుచుకుంటూ.

"నీది మిషను సొరుగులో ఉంది. ఇది నాది. ఉన్నది ఒక్క కన్ను, నేను కాదేటి జాగ్రత్తగా ఉండాల్సింది?"

భావనారాయణ అక్క వెనక్కి వెళ్లి, వదులుగా ఉన్న ముడి విప్పి గట్టిగా కట్టాడు. వేలు దూర్చి చూసి, మళ్లీ విప్పి మళ్లీ కట్టాడు.

"జల్లెడ ఇంకా మిగిలిందా, అక్కా?" అన్నాడు మెల్లగా.

సూర్యకాంతం మెడలోని కొలత టేపు తీసింది.

"నీకు సరిపోయినంత ఉంది. తల వంచు."

అతను తల వంచాడు.