కుంకుమబొట్టు పెట్టిన సర్వర్

"మీరూ మీ స్క్రిప్టూ గోదాట్లో కలవండి!"

క్లర్కు సత్యవేణి అరుపుకి అమలాపురం కాలేజీ ఆఫీసంతా తలెత్తి చూసింది. అవతల ఫోన్లో ఆకాష్. రాజోలులో తన ఇంట్లో కూర్చునే ఈ కాలేజీ సర్వర్ని చూసుకుంటాడు. అక్కణ్ణుంచి స్క్రిప్టు అనే చిన్న ప్రోగ్రాం నడిపితే చాలు, ఇక్కడ సర్వర్ పిల్లలందరి హాల్‌టికెట్లూ తయారుచేస్తుంది.

"ఆయ్, చెప్పండి."

"చెప్పేదేంటండీ? సగంమందికి హాల్‌టికెట్లే లేవు! దసరా సెలవులిచ్చేలోగా పంచాలి. నా ఉద్యోగం పోతే మీరిస్తారా?"

"నేను చూసుకుంటానండీ."

ఆ మర్యాదే ఆమెకి మరీ మంటెక్కించింది.

రెండు గంటలయ్యేక ప్రిన్సిపాల్ రాజేంద్రప్రసాద్ గారు పిలిచేరు.

"నిన్న మధ్యాహ్నం స్క్రిప్టు నడుస్తుండగా సర్వర్ ఆగిపోయిందటమ్మా. పొరపాటున తనే ఆపేనని ఆకాష్ ఒప్పుకున్నాడు. ఇక అతన్ని మానిపించేస్తున్నానని ఫోన్లోనే చెప్పేసేను."

సత్యవేణికి అప్పుడు వెలిగింది: సర్వర్ ఆపింది ఆకాష్ కాదు, తను. దసరాకి సెలవులుంటాయని ఆఫీసులో ఆయుధపూజ ముందుగా నిన్ననే చేసేరు. నడిచే పనిముట్టుకి బొట్టు పెట్టకూడదని వాళ్ళింటి ఆచారం. అందుకే బటన్ నొక్కి, ఆపి, పసుపూ కుంకుమా పెట్టి, మళ్ళీ ఆన్ చేసింది.

'నీ పూజకే కదా ఆపేను తల్లీ! భక్తి ఉంటే చాలదా, ఎవరినైనా అడగాలా?' అని అమ్మవారి మీదా విసుక్కుంది.

అంతలో వానకి తడిసి ముద్దయి ఆకాష్ వచ్చేడు.

"అబద్ధం ఎందుకాడేరు? నేనడిగేనా?"

"ఇక్కడే ఎవరో బటన్ నొక్కేరని సర్వర్లో కనిపించిందండీ. మీ ఉద్యోగం పోతుందన్నారు కదా."

"నా తప్పు మోయడానికి మీరెవరు? పదండి!"

ప్రిన్సిపాల్ గారి ముందు నిలబడి ఉన్నదంతా చెప్పేసింది. ఆయన ఇద్దరినీ మార్చి మార్చి చూసేరు.

"ఈసారికి ఇద్దరూ ఉండండి. ముందు ఆ హాల్‌టికెట్ల సంగతి చూడండి."

బయటకొచ్చేక ఆకాష్ గొంతు తగ్గించేడు. "అవి వచ్చేసేయండీ. బయల్దేరే ముందే రాజోలు నుంచి మళ్ళీ నడిపేను."

"మరి ఈ వానలో ఎందుకొచ్చినట్టు?"

"ఉద్యోగం పోయిందనుకున్నానండీ. ఇక ఫోన్లో తిట్టేవారుండరు కదా, ఒక్కసారి ఎదురుగా తిట్టించుకుందామని."

సత్యవేణి చెంపలు ఎర్రబడ్డాయి. కోపమే అనుకుంది. తన సంచిలోంచి తువ్వాలు తీసి అతని మీదకి విసిరింది.

"తల తుడుచుకోండి. రేపు మా ఇంటికొచ్చి ఈ మాటే మా నాన్నగారితో చెప్పండి. అక్కడా అబద్ధాలాడేరో, ఊరుకోను!"

"ఆయ్," అన్నాడు ఆకాష్, తువ్వాల్లోంచి.