సాయంకాలపు వాకబు

"శ్రీనిజ గారూ, ఇవాళ తాయారు ఎలా ఉంది?" అని వంటింటి గోడ ఎంతో మర్యాదగా అడిగింది.

సాయంత్రం అయిదయింది. ఆ వేళకి కాకినాడలో చాలా ఇళ్ళ గోడలు ఇదే ప్రశ్న వేస్తాయి. శ్రీనిజమ్మ పెనం మీద పెసరట్టు తిరగేస్తూ, పక్కనే పీట మీద కూర్చున్న మనవరాలి వైపు చూడకుండానే జవాబిచ్చింది.

"ఏం చెప్పమంటావు బాబూ, ఏదో అలా ఉంది. బుద్ధీ లేదు, మాటా వినదు. దీంతో పడలేకపోతున్నాననుకో."

"కృతజ్ఞతలు. మోతాదు సవరిస్తున్నాను" అంది గోడ.

ఆ రోజుల్లో శ్రీనిజ, అన్విత లాంటివి అమ్మమ్మల పేర్లు. మనవరాళ్ళకు తాయారు, సీతాయమ్మ అని పెట్టుకోవడం కొత్త మోజు. తొమ్మిదేళ్ళ తాయారు ఎడమ జబ్బకు బొట్టుబిళ్ళ కన్నా కాస్త పెద్దదైన ధ్యాసబిళ్ళ అతికించి ఉంది. నిలకడ కుదరని పిల్లలకు పూర్వం మందు సరిపెట్టాలంటే నెలలు పట్టేది. ఒకరికి పనిచేసింది మరొకరికి పడేది కాదు. కొందరికి చిటికెడు చాలేది, కొందరికి ఆకలి చచ్చిపోయేది, కొందరికి నిద్ర పట్టేది కాదు. ధ్యాసబిళ్ళ వచ్చి ఆ వెతుకులాటకు స్వస్తి చెప్పింది. అది గుండె చప్పుడూ, చూపు నిలిచే తీరూ గమనిస్తూ మందును చర్మంలోకి కొద్దికొద్దిగా వదులుతుంది. పిల్ల స్పందించిన తీరును బట్టి, వైద్యులు గీసిన హద్దు దాటకుండా, మర్నాటి మోతాదు తానే నిర్ణయించుకుంటుంది. దాన్ని తయారుచేసినవాళ్ళు మంచివాళ్ళు కూడా. పిల్లల సంగతి యంత్రం కన్నా ఇంట్లోవాళ్ళకే బాగా తెలుస్తుందని ఒప్పుకుని, రోజూ ఇంటి గోడ ద్వారా సాయంకాలపు వాకబు పెట్టి, ఇంటి మాటకే ఎక్కువ విలువ ఇవ్వమని దానికి నేర్పారు.

బిళ్ళ పెట్టకముందు తాయారు రోడ్డు మీద చెయ్యి విడిపించుకుని పరిగెత్తేది. రెండుసార్లు బండి కింద పడబోయి బతికి బయటపడింది. బిళ్ళ పెట్టిన మొదటి వారం ఇల్లంతా పండగే. ఏడో ఎక్కం మొదటి నుంచి చివరిదాకా కూర్చుని రాసింది. బడి నుంచి తిన్నగా నడిచొచ్చి, నోటినిండా కబుర్లు చెప్పింది. ఆ తర్వాత మూడు వారాల్లో ఒక్కొక్క కబురూ తగ్గిపోయింది.

"తిను బంగారం, వేడిగా ఉంది" అంది శ్రీనిజమ్మ.

"ఆకలి లేదు అమ్మమ్మా."

తాయారు రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని పెసరట్టు వైపు చూస్తూ కూర్చుంది. అల్లం ముక్కలు ఏరి నా కంచంలో పడేసే పిల్ల ఏమైపోయింది దేవుడా అనుకుంది శ్రీనిజమ్మ. ఆమెకు భయం వేసింది. ఇదివరకు పిల్ల ఒంటికేమవుతుందోనని హడలిపోయేది. ఇప్పుడు ఒళ్ళు భద్రంగానే ఉంది, పిల్లే కనపడడం లేదు.

ఓడరేవులో పని ముగించుకుని వచ్చిన తాయారు తల్లి మేధ, తాకని కంచం చూసి శ్రీనిజమ్మతో తెగేసి చెప్పింది. "రేపు డాక్టరు గారి దగ్గరికెళ్ళి ఇది తీయించేద్దామమ్మా. అల్లరి చేస్తే చెయ్యనీ."

"మళ్ళీ రోడ్డు మీదకి పరిగెడితేనో?" అంది శ్రీనిజమ్మ.

మర్నాడు డాక్టర్ షహనాజ్ తాయారుకు బొమ్మలు వేసుకోమని బయట గదిలో కాగితాలిచ్చి, తలుపు వేసి, మేధనీ శ్రీనిజమ్మనీ కూర్చోబెట్టి, బిళ్ళ దాచుకున్న లెక్కలన్నీ తెర మీద పరిచింది.

"మందు తప్పు కాదు మేధ గారూ. మొదటి వారం మోతాదు పాపకి చక్కగా సరిపోయింది. చూపు నిలిచింది, నిద్ర బాగుంది, తిండి కాస్తే తగ్గింది. అయినా బిళ్ళ రోజూ పెంచుకుంటూ పోయింది. ఎందుకో వినండి."

వాకబుల్లో రికార్డయిన శ్రీనిజమ్మ గొంతు తెరలోంచి వినిపించింది. మూడో రోజు: "ఏం బాగు బాబూ, ఎప్పటిలాగే ఉంది." అయిదో రోజు: "చదువా, దాని మొహమా!" తొమ్మిదో రోజు: "ఎందుకడుగుతావులే."

మేధ తల్లి వైపు తిరిగింది. "అయిదో రోజు ఎక్కం రాసిందని నాకు ఫోన్ చేసి ఏడ్చినంత పని చేశావు కదమ్మా! గోడకి ఇలా చెప్పావేంటి?"

"నీతో చెప్పడం వేరే." శ్రీనిజమ్మ కొంగు చివర మెలిపెట్టింది. "ఆ గోడలో ఎవరెవరు వింటున్నారో ఎవరికి తెలుసు? పిల్ల బాగుందని పైకి అంటే దిష్టి తగలదూ? మా అమ్మ నన్ను అలాగే పెంచింది. నిన్ను నేనూ అలాగే పెంచాను."

షహనాజ్ నవ్వబోయి ఆగింది. "మా అమ్మమ్మ, మా నానీ కూడా అంతేనండి, దిష్టిని నజర్ అంటుంది. ఈ బిళ్ళ చేసినవాళ్ళకి అలాంటి నానీ లేనట్టుంది. మీరు బాగోలేదన్న ప్రతిసారీ అది మందు చాలలేదనుకుంది. ఇప్పుడు మొదటి వారం మోతాదుకి తెచ్చి పెడుతున్నాను. కానీ ఇంటి మాటే మళ్ళీ దారి చూపాలి. అమ్మమ్మ గారికి కష్టమైతే, వాకబు మేధ గారి పేరుకి మార్చమంటారా?"

"అయిదింటికి అది రేవులో ఉంటుంది" అంది శ్రీనిజమ్మ. "నేనే చెడగొట్టాను. నేనే చెబుతాను."

ఆ సాయంత్రం శ్రీనిజమ్మ మనవరాలిని డాబా మీద బట్టలు తీసుకురమ్మని పంపింది. గోడ అడగనే అడిగింది.

"ఏదో..." అని నాలుక కరుచుకుంది శ్రీనిజమ్మ. అరవై ఆరేళ్ళ అలవాటు గొంతులో అడ్డం పడింది. స్టవ్ కట్టేసి, కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది.

"బాగుంది బాబూ. నా తల్లి చాలా బాగుంది. మధ్యాహ్నం ముద్ద ఎక్కువే తింది. మొదటి వారం ఎంత ముచ్చటగా ఉందో నీకు చెప్పలేదు, నాదే బుద్ధితక్కువ. దాని తెలివి మా ఇంట్లో ఎవరికీ లేదు. పక్కింటి ముసలాయనకి మందుల సీసా మూత రాకపోతే, అడక్కుండానే వెళ్ళి తీసిచ్చింది. అది నవ్వితే నాకు ఇంకేం అక్కర్లేదు. ఆ అల్లరి కొంచెం ఉండనీ. మొత్తం తీసెయ్యకు."

"అమ్మమ్మా, ఎవరి గురించి చెప్తున్నావు?"

తాయారు గుమ్మంలో బట్టలు పట్టుకుని నిలబడి ఉంది. నిజంగానే తెలియక అడిగింది.

"నీ గురించేనే."

"కాదు. నేను బాగోలేదని రోజూ చెప్తావు కదా." పిల్ల బట్టలు కింద పెట్టింది. "అందుకే నేను కదలకుండా కూర్చుంటున్నా. మందు వల్ల కాదు. కాలు దురద పెట్టినా గోక్కోలేదు. రేపైనా బాగుందంటావేమోనని."

బిళ్ళ ఆ నిశ్చలత్వాన్నంతా మందుకు స్పందన కిందే జమకట్టుకుంది. శ్రీనిజమ్మ దానికన్నా నయమేమీ కాదు, తనూ అలాగే అనుకుంది. ఆమె నేల మీద కూలబడి పిల్లను ఒళ్ళోకి లాక్కుంది. "తప్పయిపోయిందే తల్లీ" అంటూ ఏడ్చింది. ఏడుస్తూనే, ఎక్కం రాసిన రోజు నుంచి తను దాచుకున్నవన్నీ వరసగా చెప్పుకొచ్చింది.

వాకబు ముగిసిందని గోడ చెప్పింది. ఎవరూ వినిపించుకోలేదు. మధ్యలో వీధిలో ఐస్ బండి గంట మోగితే, తాయారు ఒళ్ళోంచి దిగి కిటికీ దాకా ఒక్క పరుగు తీసింది. వెంటనే తిరిగొచ్చి అమ్మమ్మ గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది.

"ఊఁ, వింటున్నా. తర్వాత నేనేం చేశాను?"