రాయబారి చేతిలో కప్పు

పట్టపగలు, రీసెర్చ్ సెంటర్ లిఫ్టులో ఒక సైంటిస్టును కాల్చి చంపారు. ఆయన బ్యాగులోంచి పోయింది ఒక్కటే. రాయబారిగారి జీన్ రిపోర్టు.

"దాంతో ఏం చేస్తారు సార్?" అడిగాడు ఏజెంట్.

"కణాల మీద రిసెప్టర్లుంటాయి. మందు వాటికి అతుక్కుంటేనే పనిచేస్తుంది," అన్నాడు చీఫ్. "జీన్స్‌ని బట్టి వాటి తీరు మనిషి మనిషికీ మారుతుంది. నీకు పనిచేసే మాత్ర నాకు పనిచెయ్యకపోవచ్చు. శత్రుముఠా తయారుచేసిన మందు మామూలు మనిషిని ఏమీ చెయ్యదు. రాయబారిగారి రిసెప్టర్లని మాత్రం పట్టుకుని వదలదు. గుండె ఆగిపోతుంది. రేపు పదకొండింటికి సంధి మీద సంతకాలు."

మర్నాడు ఏజెంట్ వెయిటర్ వేషంలో నడవలో నిలబడ్డాడు. ఆకుపచ్చ పట్టుచీరలో దుబాసీ ఎదురొచ్చింది. ఆమె శత్రుముఠా మనిషి. మూడేళ్లుగా ఆ ముఠా గుట్టంతా అతనికి చేరవేస్తున్నదీ ఆమే.

"చలిగా ఉంది," అందామె. కోడ్.

"కిటికీ మూసేశారు."

"మందు ఆయన కాఫీలోనే. నువ్వు ఆపలేకపోతే?"

"ఆపుతాను. అయినా అది నువ్వు తాగినా ఏం కాదులే. పదివేలలో ఒకరికే ప్రమాదం."

ఆమె నవ్వింది. "ఇదయ్యాక ఒక గంట కూర్చుని మాట్లాడుకుందాం. మనమెప్పుడూ అరనిమిషం దాటి మాట్లాడుకోలేదు."

పదకొండుకి మూడు నిమిషాలు. హాలు తలుపు దగ్గర ముఠా గార్డు ఏజెంట్ మెడ పట్టాడు. వాచీలోని సూది గుచ్చి వాణ్ని పడగొట్టేసరికి రెండు నిమిషాలు పోయాయి. లోపల రాయబారి కప్పు పెదవులకు ఆనించబోతున్నాడు.

"అయ్యో సార్, కప్పులు మారాయి. అది నాది," అంటూ దుబాసీ చెయ్యి చాపి అందుకుంది. ఎదురుగా అతిథుల్లో కూర్చున్న ముఠా నాయకుడు కన్నార్పకుండా చూస్తున్నాడు. అనుమానం రాకుండా గడగడా తాగేసింది.

సంతకాలయ్యాయి. చివరి వాక్యం అనువదిస్తూ ఆమె టేబుల్ అంచు పట్టుకుంది. ఏజెంట్ పరుగెత్తుకెళ్లి, రాయబారి కోసం తెచ్చిన విరుగుడు ఇంజెక్షన్ ఇచ్చాడు. ఇంకొకటీ ఇచ్చాడు. మందు పట్టు వదల్లేదు. పదివేలలో ఒకరికుండే ఆ రిసెప్టర్లు ఆమెకీ ఉన్నాయని ఎవరికీ తెలీదు. ఆమె రక్తాన్ని ఎవరూ పరీక్షించలేదు.

"ఏం కాదన్నావుగా..." అంది, నిష్ఠూరం లేకుండా. అంతే.

ముఠా మొత్తం పార్కింగ్‌లోనే దొరికింది. చీఫ్ రిపోర్టులో 'ప్రాణనష్టం లేదు' అని రాశాడు.

"ఆమె సంగతేంటి సార్?"

"మన జాబితాలో ఆమె శత్రువయ్యా. వాళ్ల జాబితాలో ద్రోహి. శవాన్ని తీసుకోడానికి ఎవరూ రారు."

ఏజెంట్ మార్చురీకి వెళ్లాడు. శవాన్ని తీసుకునే కాగితం మీద, సర్వీసులో చేరాక మొదటిసారి తన అసలు పేరుతో సంతకం పెట్టాడు.

గుమాస్తా కంప్యూటర్‌లో వెతికి తలెత్తాడు.

"సారీ అండీ. మీరు రాసిన ఈ పేరుతో రికార్డుల్లో అసలు మనిషే లేడు."