సర్కారుకు మాత్రమే తెలిసిన స్థలం

ఉదయం ఏడున్నరకల్లా ఆ ఇంటి వరండాలో ముగ్గురో నలుగురో కూర్చుని ఉండడం మామూలే. ఒకరికి కుళాయిలో నీళ్లు రావు, ఒకరి వీధిలో దీపం వెలగదు. ఇంకొకరికి రెండూ బాగానే ఉంటాయి గానీ కౌన్సిలరుగారింట టీ తాగకపోతే పొద్దు గడవదు. కౌన్సిలరు అందరి మాటా వింటాడు, అందరికీ సరేనంటాడు. ఆయన భార్య ప్రభుత్వ బడిలో టీచరు. వచ్చినవాళ్లందరికీ టీ పెట్టి, తన బాక్సు సర్దుకుని, బస్సు కోసం పరుగెడుతుంది.

పదవి అనగానే కోట్లకు పడగలెత్తి ఉంటాడని జనం లెక్క. ఈయనకు వచ్చే గౌరవ వేతనం టీపొడికీ, వార్డులోవాళ్ల మందుల చీటీలకూ సరిపోతే గొప్ప. ఉండేది అద్దె ఇంట్లో, నడిచేది టీచరమ్మ జీతంతో. కొడుకు ఊరందరి మనిషి, కోడలు మాత్రం మా ఇంటి మనిషి అని అత్తగారు వచ్చినవాళ్లకల్లా చెబుతూ ఉంటుంది.

ఆ రోజు వరండాలోకి ఒక విలేకరి వచ్చాడు. చేతిలో రెండు కాగితాలు. ఒకటి, కిందటేడు ఎన్నికల్లో కౌన్సిలరు సంతకం చేసి ఇచ్చిన ఆస్తుల ప్రమాణ పత్రం. అందులో భార్య పేరిట స్థలాలు, ఇళ్లు ఏమీ లేవని ఉంది. రెండోది, టీచరమ్మ తన శాఖకు ఏటా ఇచ్చే ఆస్తుల వివరాల నకలు. ఎదుటి పార్టీవాళ్లు ఎలాగో సంపాదించారు. అందులో ఊరి చివర నూట యాభై గజాల స్థలం, కొన్న తేదీతో సహా ఉంది. ఎన్నికలకు ఏడాది ముందే కొన్నది.

కౌన్సిలరు నవ్వేశాడు. తన భార్య పేరుతో ఇంకా ఎందరో టీచర్లు ఉంటారని, ఎవరో పొరబడ్డారని చెప్పాడు. ఆ నవ్వుతోనే లోపలికి తిరిగి భార్య ముఖం చూశాడు. ఆమె తల దించుకుంది.

మర్నాడు పేపర్లో పడింది. మధ్యాహ్నానికి ఎన్నికల అధికారి నోటీసు కూడా వచ్చింది. మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి, అది నమ్మేలా లేకపోతే పదవి పోతుంది. సాయంత్రం పార్టీ పెద్ద స్వయంగా వచ్చి ఒక ఉపాయం చెప్పాడు. మొగుడికి తెలియకుండా కొన్నానని, అడిగినా దాచానని టీచరమ్మ చేత ఒక ఉత్తరం రాయించి పేపర్లకు ఇచ్చేస్తే మచ్చ పోతుందట. అందులో అబద్ధం ఒక్క ముక్కా లేదు కదా అని కూడా అన్నాడు. వంటింట్లో టీచరమ్మ అంతా విన్నది. రాయడానికి ఆమెకు అభ్యంతరం లేదు. రేపు బడిలో పిల్లల ముందు ఎలా నిలబడాలన్నదే తోచలేదు.

పెద్దమనిషి వెళ్లాక కౌన్సిలరు వంటింటి గుమ్మంలోకి వచ్చాడు.

"సర్కారుకు చెప్పావు. నాకు చెప్పలేదు," అన్నాడు.

"సర్కారుకు చెప్పకపోతే ఉద్యోగం పోతుంది."

"నాకు చెబితే ఏం పోతుంది?"

"స్థలం పోతుంది," అంది టీచరమ్మ.

పక్కన చిక్కుళ్లు తుంచుతున్న అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో ఆమెకే తెలియాలి.

టీచరమ్మ అంత మాట అనడానికి కారణం ఉంది. తొమ్మిదేళ్ల కిందట జీతాలు సవరించి బకాయిలు ఇచ్చినప్పుడు ఆమె ఒక స్థలం కొని, ముచ్చటపడి ఆయన పేరిట రాయించింది. ఏ గది ఎక్కడ రావాలో ఒక నోటుపుస్తకంలో గీసుకుంది కూడా. ఆ ఏడాదే వీధిలో ఒక లారీ డ్రైవరుకు గుండె ఆపరేషన్ అన్నారు. వారం తిరిగేసరికి ఈయన స్థలం అమ్మేశాడు. ఆ సంగతి ఆమెకు ఈయన చెప్పలేదు. డ్రైవరు భార్య వచ్చి, రెండు చేతులూ పట్టుకుని ఏడుస్తూ దణ్ణాలు పెడుతుంటే తెలిసింది. దానిదేముందమ్మా అని ఆమె కళ్లు తుడిచి పంపింది. రెండోసారి బకాయిలు వచ్చినప్పుడు మాత్రం గుట్టుగా వెళ్లి తన పేరిట కొనుక్కుంది.

"ఆ మనిషి బతికాడు కదా," అన్నాడు కౌన్సిలరు మెల్లగా.

"బతికాడు. నాకూ సంతోషమే. నన్ను అడిగి ఉంటే వద్దనేదాన్నా? పొద్దున లేస్తే ఊరందరినీ ఏం కావాలని అడుగుతారు. నన్ను ఒక్కసారైనా అడిగారా?" పొయ్యి మీది గిన్నె దించింది. "ఆ పత్రం నింపుతూ నీ పేరిట ఏముందన్నప్పుడు నోటిదాకా వచ్చిందండీ. వరండాలో అప్పటికే నలుగురు ఎదురుచూస్తున్నారు. గొలుసూ రెండు గాజులూ అని చెప్పేశాను."

అత్తగారే అందుకుంది.

"ఒరేయ్, నువ్వు చిన్నప్పటి నుంచీ మంచివాడివే. ఆ పేరంతా నీది, ఖర్చంతా ఈ పిల్లది. ఇంకా ఉత్తరం కూడా ఈ పిల్లే రాయాలా?"

ఆ మాట ఆయనకు సూటిగా తగిలింది. ఇరవై రెండేళ్లుగా ఈ ఇంట్లో తనొక్కడే ఇచ్చేవాడినని అనుకుంటున్నాడు. ఇచ్చిందంతా ఎవరిదో ఇప్పటిదాకా తట్టలేదు. తట్టేసరికి సిగ్గుతో అక్కడే పీట మీద కూలబడ్డాడు.

మూడో రోజు పొద్దున టీచరమ్మ తాను రాసిన ఉత్తరం తెచ్చి ఇచ్చింది. ఆయన దాన్ని చదవకుండానే మడిచి ఆమె చేతిలోనే పెట్టాడు. జేబులోంచి తన సంజాయిషీ తీసి, తప్పులుంటే దిద్దమన్నాడు. ఆయన ప్రతి అర్జీనీ ఆమె దిద్దడం మామూలే. ఎర్ర పెన్ను తీసుకుని చదవసాగింది.

‘స్థలం నా భార్య సొంత జీతంతో కొన్నది. తన శాఖకు సక్రమంగా తెలియజేసింది. నాకు చెబితే ఆ స్థలం దక్కదని భయపడింది. అంతకుముందు కొన్న స్థలాన్ని ఆమెను అడగకుండా అమ్మి ఆ భయం పెట్టినవాణ్ని నేనే. పత్రంలో తప్పు రాసి సంతకం చేసిందీ నేనే. శిక్ష వేయవలసి వస్తే నాకే వేయండి.’

ఆమె ఎక్కడా పెన్ను పెట్టలేదు. ఇలా ఇస్తే పదవి పోతుందేమోనని మాత్రం అంది. పోతే పోయిందంటూ ఆయన స్కూటరు తాళాలు తీసుకుని ఆమెనూ రమ్మన్నాడు.

అధికారి కాగితం రెండుసార్లు చదివి, ఒకసారి టీచరమ్మ వంక చూసి, నిర్ణయానికి నెల పడుతుందన్నాడు. బయటికి వచ్చేసరికి గేటు దగ్గర బట్టలు ఇస్త్రీ చేసే ముసలాయన కాచుకుని ఉన్నాడు. మనవరాలికి నర్సింగు కాలేజీలో సీటు వచ్చిందని, రేపటిలోగా ఫీజు కట్టకపోతే పోతుందని చెప్పుకున్నాడు.

కౌన్సిలరు సరేననబోయి ఆగాడు.

"కాస్త ఉండండి పెద్దాయనా. మా ఇంటావిణ్ని అడిగి చెబుతాను."

నాలుగడుగులు వేసి స్కూటరు పక్కన నిలబడ్డ భార్య దగ్గరికి వచ్చాడు. అడగడం అలవాటు లేని మనిషి, మాటలు కూడగట్టుకుంటూ విషయం చెప్పి, "ఏం చేద్దామంటావు?" అన్నాడు.

టీచరమ్మ సరేనంది. ఆ రెండక్షరాలు పైకి రావడానికి చాలాసేపు పట్టింది. ముందు ఏడుపు ఆగాలి కదా.