కార్డు వెనకవైపు

నేపర్‌విల్‌లో రైలు పట్టాల అవతల ఒక పాత ఇల్లుంది. అందులో ఎవరో ఉన్నారని చుట్టుపక్కలంతా అంటారు గానీ, ఆ మనిషి మొహం చూసినవాడు లేడు. కుక్కల్ని తిప్పేవాళ్ళకీ, వాకిట్లో మంచు తీసేవాళ్ళకీ... మేడమీద కిటికీలో కనిపించేది ఎప్పుడూ వీపే. కిటికీ దగ్గర నిలబడి ఇంట్లోకి చూసే మనిషి ఎవరయ్యా? అదే అంతుబట్టక, చీకటిపడ్డాక ఆ వీధిలో ఎవరూ ఆగరు.

అనుదీప్ ఆగాడు.

ఎందుకాగాడంటే — పిచ్చి. పాత బేస్‌బాల్ కార్డుల పిచ్చి. నూరేళ్ళ కిందట సిగరెట్ పెట్టెల్లో పెట్టి ఇచ్చేవాళ్ళట అవి. ముందు ఆటగాడి రంగుల బొమ్మ, వెనక సిగరెట్ కంపెనీ ప్రకటన. ఒకే బొమ్మ బోలెడు కార్డుల మీద ఉండచ్చు. వెనకున్న ప్రకటన ఎక్కడా దొరకనిదైతే మాత్రం ఆ కార్డుకి పట్టాభిషేకమే. అందుకని అనుదీప్ లాంటివాళ్ళు బొమ్మ వంక చూడను కూడా చూడరు. ప్లాస్టిక్ కేసులో పెట్టి, మొహాన్ని గోడకి తిప్పి, వెనకవైపు మనకి చూపిస్తారు. పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టు!

భార్య భావనతో మాట్లాడేటప్పుడూ అంతే, అతని కళ్ళు ఫోన్‌లో వేలంపాటల మీదే. ఆ శనివారం చీకటిపడ్డాక ఇండియన్ స్టోర్ నుంచి వస్తూ, డ్రైవ్ చేస్తున్న ఆమే మాట ఎత్తింది.

"రెడ్‌మండ్ జాబ్ ఆఫర్‌కి ఈ రాత్రికి ఆన్సర్ చెప్పాలి. నువ్వు రాకపోతే ఒక్కదాన్నే వెళ్తా అనూ. వస్తావో రావో నా మొహం చూసి చెప్పు. అంతే."

"చెప్తా... అదిగో, ఆ బోర్డు! పట్టాల అవతల ఆ పాత ఇంట్లో సామానంతా సేల్‌కి పెట్టారు. కార్డులు కూడా ఉన్నాయట. ఫైవ్ మినిట్స్, ప్లీజ్."

ఆమె ఆ ఇంటి ముందు కారాపింది.

తలుపు ఓరగా తీసి ఉంది. లోపల అలికిడి లేదు. హాల్లో గోడంతా కార్డులు — అన్నీ వెనక్కి తిప్పి! అనుదీప్ కళ్ళు పత్తికాయల్లా విచ్చుకున్నాయి. ఫోన్ లైట్‌లో ఒక్కొక్కటే చూస్తూ పోయాడు... మామూలువి... మామూలువి... ఒకచోట చెయ్యి ఆగిపోయింది. ఇన్నేళ్ళూ చదవడమే తప్ప కంటితో చూడని ప్రకటన. దాన్ని గోడమీంచి తీశాడు.

"ఎవరి కార్డది?"

గొణిగినంత మెల్లగా, ఇంగ్లీషులో... మూలనుంచి.

అక్కడొక మనిషి, గోడవైపు తిరిగి నిలబడి ఉన్నాడు.

సామాను అమ్మే మనిషే అనుకున్నాడు అనుదీప్. "తెలీదండీ, చూడలేదు," అన్నాడు తనూ ఇంగ్లీషులోనే. "బ్యాక్ మాత్రం చాలా రేర్!"

"మొహం చూడలేదా?"

"మొహంతో పనేముంది?"

అప్పుడు — మెట్లమీద ఒకడు, కిటికీ దగ్గర ఒకడు, వంటింటి గుమ్మంలో ఇంకొకడు... బేస్‌బాల్ టోపీలు, పాతకాలపు ఉన్ని చొక్కాలు. అన్నీ వీపులే. ఒక్కడూ ఇటు తిరగలేదు.

"పనిలేదట," అన్నాడు మూలనున్నవాడు మిగతావాళ్ళతో. తర్వాత ఇంకా మెల్లగా... "అయితే నీకూ మొహం అక్కర్లేదు."

మెడమీద చల్లటి వేళ్ళు పడ్డట్టయింది. కార్డు అక్కడే పడేసి, బతుకు జీవుడా అని బయటికి పరిగెత్తాడు.

మంచు మొదలైంది. అతనికిప్పుడు కార్డూ వద్దు, ప్రకటనా వద్దు. భావన మొహం చూడాలి. ఎన్ని నెలలైంది సరిగ్గా చూసి! ఆమె వైపు కారు అద్దం దగ్గరికెళ్ళి వంగాడు. ఆమె అద్దం దించింది. నుదుటిమీద చిన్న ముడత, ఏడ్చి ఎర్రబడ్డ కళ్ళు... అన్నీ తనివితీరా చూశాడు.

"వస్తాను భావనా. రెడ్‌మండ్ వస్తాను. నువ్వెక్కడుంటే నేనూ అక్కడే."

ఆమె నిట్టూర్చింది.

"ఈ ఒక్క మాటైనా ఇటు తిరిగి చెప్పలేవా అనూ?"

"నిన్నే చూస్తున్నా!"

"ప్లీజ్... ఒక్కసారి ఇటు తిరుగు."

జానెడు దూరంలో, ఆమె కళ్ళలోకే చూస్తున్నాడు అతను. ఆమె కాసేపు ఎదురుచూసింది. కళ్ళు తుడుచుకుని, అద్దం పైకెత్తి, గేర్ వేసింది.

కారు కదిలేలోగా ఆ నల్లటి అద్దంలో తన మొహం కోసం వెతుక్కున్నాడు అనుదీప్. అందులో అతనికి కనిపించింది... జాకెట్ వెనక హుడ్డూ, దానిపైన తన మెడ వెనక జుట్టూ.