ఖాళీగా ఉన్న మూడో అర

తను చేసిచ్చిన కెంపు ఉంగరాన్ని కూతురు ఒక్కరోజైనా వేలికి ఎందుకు పెట్టుకోలేదన్నది సానాయన మనసులో ఇరవై రెండేళ్లుగా నలుగుతున్న అనుమానం. రోజూ పొద్దున్నే దీపం పెట్టి, చేతులు జోడించి, అందరి క్షేమమూ అడిగాక చివర్లో ఇదీ అడిగేవాడు. దేవుడితో మాట్లాడటం ఆయనకి ఎంత అలవాటో, దేవుడు జవాబు చెప్పకపోవడమూ అంతే అలవాటు.

రాళ్లకి సానపట్టడం ఆయన వృత్తి. అందుకే వీధిలో అందరికీ సానాయన. ముందుగది కిటికీ కింద చక్రం, పక్కన నీళ్ల గిన్నె, భూతద్దం. నలభై ఏళ్లు దాని ముందే కూర్చుని వీపు వంగింది, వేళ్ల కొనలు అరిగి నున్నబడ్డాయి. భార్య పోయి తొమ్మిదేళ్లు. ఈమధ్య చూపు మసకబారి చక్రమూ ఆగిపోయింది. అది ఆగాకే తెలిసింది, ఇన్నాళ్లూ ఆ ఇంట్లో తనతో మాట్లాడుతున్నది ఆ చప్పుడొక్కటేనని.

ఆ పొద్దున మాత్రం ఇల్లంతా ఊడ్చాడు. అటక మీది రెండో కప్పు దింపి కడిగాడు. "నా రాళ్ల పెట్టె తీసుకెళ్లిపోతా నాన్నా" అని కూతురు ఫోన్లో ఒక్క ముక్క చెప్పింది. ఆమె వేరే ఊళ్లో మ్యూజియంలో పనిచేస్తుంది. గనుల నుంచి వచ్చిన రాళ్లకి అంటిన మట్టిని సూదితో గీకి, చీటీ రాసి, అద్దాల బీరువాలో పెట్టడం ఆమె పని. ఏడాదికోసారి వచ్చి, మంచం కింది పెట్టె తెరిచి, ఒక పూట తన రాళ్లు చూసుకుని వెళ్లేది. ఆ పెట్టే పోతే ఇక ఈ గడప ఎందుకు తొక్కుతుంది?

వీధి చివర ఉండే అక్క కూర గిన్నెతో వచ్చింది.

"ఏరా, మొహం అలా వేలాడేశావు? వస్తున్నది కూతురా, పోలీసులా?"

"పెట్టె తీసుకెళ్తుందట అక్కా."

"పోనీరా, మంచం కింద చోటు మిగులుతుంది" అని, తమ్ముడి కళ్లు చూసి చప్పున ఆగిపోయింది. "నేనూ ఉంటాలే" అని గిన్నె దింపింది.

కూతురు వచ్చింది. కాళ్లు కడుక్కుంది. "బాగున్నావా నాన్నా, బాగున్నావా అత్తా" అని నేల మీద కూర్చుని, చెక్కపెట్టె బయటికి లాగి మూత తీసింది. అరలరలుగా దూది పరిచి, ఒక్కో అరలో ఒక్కో కెంపు. అన్నీ భూమిలోంచి వచ్చినవి వచ్చినట్టే ఉన్నాయి. ఒకటి తెల్లటి పాలరాయిలో దానిమ్మ గింజలా ఇరుక్కుని ఉంది. ఒకటి ఆరు పలకల బిళ్ల. ఇంకోటి మధ్యలో ఉబ్బిన చిన్న పీపాలా ఉంది. మూడో అరలో మాత్రం దూది మీద ఒక గుంట, పక్కన పాత చీటీ.

"ఎందుకే వీటికి ఈ వైభోగం? మీ నాన్న చేతికిచ్చి ఉంటే ఈపాటికి నీ మెడలో హారమయ్యేవి" అంది అత్త.

"అందుకేగా తీసుకెళ్తున్నది" అంది కూతురు, తల ఎత్తకుండా.

ఆ మాట సానాయనకి సరిగ్గా ఎక్కలేదు. ఎలాగైనా ఆమెని ఇంకాసేపు కూర్చోబెట్టాలన్న తాపత్రయంలో జేబులోంచి ఉంగరం తీశాడు.

"ఇదీ పట్టుకెళ్లు తల్లీ. ఒక్కసారి వేసుకో, చూస్తాను."

కూతురు చేతులు ఆగిపోయాయి.

"నిజంగా తెలియకే ఇస్తున్నావా నాన్నా?"

"ఏం తెలియాలమ్మా?"

"పద్నాలుగేళ్లప్పుడు సెలవులన్నీ రాళ్లమ్మే షావుకారు కొట్లో కూర్చుని రాళ్లు ఏరాను. డబ్బులిస్తానంటే వద్దని ఆ ఒక్క కెంపు అడిగాను. ఆరు పలకలు. ఒక్క అంచూ విరగలేదు. పై ముఖం మీద సన్నటి ముక్కోణాలు, ఒకదాని మీద ఒకటి మెట్లు కట్టినట్టు. ఎవరూ చెక్కినవి కావు. లోపల పెరుగుతూ పెరుగుతూ అదే వేసుకున్న గీతలు. వారం రోజులు అమ్మమ్మ ఊళ్లో ఉండి వచ్చేసరికి అర ఖాళీ. నువ్వేమో ఉంగరం డబ్బీ చేతిలో పెట్టి నవ్వుతున్నావు."

"నీ పుట్టినరోజు కదా! మబ్బుగా ఉన్న రాయి. వారం రోజులు కూర్చున్నాను దాని ముందు. నా జన్మలో మరే రాయికీ అంత మెరుపు రాలేదు."

"బొటనవేలంత రాయి శనగగింజంత అయింది."

"ఏ ముడిరాయికైనా అంతే తల్లీ. ముప్పాతిక చక్రమే తినేస్తుంది..."

"నన్నడిగావా? చీటీ రాసి పెట్టాను కదా నాన్నా! చదవలేదా?"

మూడో అరలోని చీటీ తీసి ముందుకు చాపింది. గుండ్రటి చిన్నపిల్ల అక్షరాలు: కెంపు. ముట్టుకోవద్దు.

సానాయన దాన్ని కళ్లకి దగ్గరగా పెట్టుకున్నాడు.

"చదివాను" అన్నాడు మెల్లగా. "పరాయివాళ్లకి రాశావనుకున్నాను."

కూతురు చీటీని మళ్లీ అరలో పెట్టింది.

"నాన్న ప్రేమతో చేశారు, ఏమీ అనకే అంది అమ్మ. అనలేదు. ఇరవై రెండేళ్లు అనలేదు. నీ ముందుకొస్తే ఏదైనా అనేస్తానని రావడమే తగ్గించాను. ఇప్పుడు నీకు కళ్లు కనపడటం లేదంటున్నావు. నువ్వు కాకపోతే ఇంకెవరితోనైనా మిగిలినవీ సానపట్టిస్తావని భయమేసింది. అందుకే వచ్చాను." కళ్లు తుడుచుకుని, బిళ్లలాంటి కెంపునీ భూతద్దాన్నీ తండ్రి చేతిలో పెట్టింది. "ఒక్కసారి చూడు."

నలభై ఏళ్లుగా ఆ అద్దంలోంచి ఆయన చూసిందల్లా ఏం తీసెయ్యాలన్నదే. ఎక్కడ చీలిక, ఎక్కడ మచ్చ, ఎక్కడ కొయ్యాలి. తీసెయ్యడానికి ఏమీ వెతక్కుండా చూడటం ఇదే మొదలు. వెలుతురుకి వాల్చగానే ముక్కోణాలు కనిపించాయి, మసక చూపుకి కూడా. ఒకదానిలో ఒకటి, ఎంత ఓపికగా వేసినవో. ఎన్ని యుగాలు పట్టిందో ఆ ఒక్క ముఖం తీరడానికి. 'ఇది నీ సాన కదూ స్వామీ' అనుకున్నాడు. 'నీ పని మీద నేను చక్రం పెట్టానా? ఇన్నాళ్లూ అడుగుతుంటే ఒక్కసారైనా చెప్పలేదేం?' చెప్పాడేమో. చీటీ మీద రాసే ఉంది కదా.

దిగ్గున లేచి చక్రం దగ్గరికి వెళ్లాడు. నాన్నకి కోపం వచ్చిందనుకుని కూతురు మూత వెయ్యబోయింది. ఆయన రేకు డబ్బాతో తిరిగొచ్చాడు. అందులో పాలరాయి ముక్కని అంటిపెట్టుకుని ఒక కెంపు, బొటనవేలికన్నా పెద్దది. దాని నడుమ నల్ల ఇంకు గీత.

"ఒరేయ్, అది నీ ముసలితనానికి దాచుకున్నది కదరా!" అంది అక్క.

"ముసలితనం వచ్చేసింది కదక్కా." కూతురి వైపు తిరిగాడు. "అయిదేళ్ల కిందట కొన్నాను. రెండుగా కోసి నీకు చెవులకి దుద్దులు చేయిద్దామని గీత గీశాను. కళ్లు సహకరించలేదు. సహకరించి ఉంటే..."

దూదికి స్పిరిట్ అద్ది, ఆ గీతని తుడిచాడు. ఓపికగా, చివరి నలుపు పోయేదాకా తుడిచాడు. తర్వాత సన్నపట్టకారుతో పాలరాయిని పట్టుకుని, కెంపుకి ఎక్కడా తగలకుండా, మూడో అరలో దూది మీద దించాడు.

"నీది నీకిచ్చేశాను తల్లీ. ఆలస్యమైంది."

కూతురు ఏడుస్తూనే ఉంగరాన్ని కూడా ఆ దూదిలోనే, కెంపు పక్కన సర్దింది. "ఇదీ ఇక్కడిదే." కాసేపటికి పెట్టెని మంచం కిందికి మెల్లగా తోయబోయి, సగంలో ఆగింది.

"ఇక్కడే ఉండనీ నాన్నా. వచ్చే నెల వస్తాను. దీనికి చీటీ రాయాలిగా."

"అదే చీటీ ఉంచమ్మా. ఈసారి నాకని తెలుసు."

ఆమె పెట్టెని మళ్లీ బయటికి లాగింది. తండ్రి కుడిచెయ్యి అందుకుని, చూపుడువేలి గోటిని మూడో అరలోని కెంపు ముఖం మీద ఆనించి, దానికీ ఉన్న ముక్కోణపు మెట్ల మీదుగా నెమ్మదిగా లాగింది.

"తెలుస్తోందా?"

అరిగిన వేలికి తెలియనిది గోటికి తెలిసింది. సానాయన తల ఊపాడు.